గట్టు తేలితే గట్టెక్కినట్టే!

గట్టు ఒక్క రాత్రిలో జరగదు. దుక్కి దున్నిన ప్రతిసారీ నాగలి కాస్త ఒరుసుకుంటుంది. వానలకు కోసుకుపోయిన చోట పారెడు మట్టి వేస్తే అది నాలుగు వేళ్లు అటో ఇటో పడుతుంది. ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఐదడుగులు కదిలిపోతుంది. మూడొందల అడుగుల పొడవున్న చేలో ఐదడుగులంటే ఎంతో తెలుసా? దాదాపు మూడున్నర సెంట్లు. ఒక చిన్న ఇల్లు కట్టుకునేంత జాగా!

తండ్రులు ఉన్నన్నాళ్లూ అది పెద్ద విషయం కాదు. ''పోనీలే, తమ్ముడి చేలోకే కదా పోయింది'' అనుకుంటారు. కొడుకుల కాలం వస్తుంది. ఎకరం ధర లక్షల్లోకి చేరుతుంది. అప్పుడు మొదలవుతుంది... ''అన్నయ్యా, నీ గట్టు నా చేలోకి వచ్చింది'' అని ఒకరు, ''నాన్న కాలం నుంచీ ఇక్కడే ఉందిరా'' అని ఇంకొకరు. పండక్కి ఒకే విస్తరి దగ్గర కూర్చున్నవాళ్లు సర్వేయరు కోసం వేర్వేరుగా అర్జీలు పెడతారు.

నూజివీడు నుంచి తిరువూరు వైపు వెళ్లే దారిలో ఉంటుంది విస్సన్నపేట. చుట్టూ మామిడి తోటలు, పత్తి చేలు, నీరందిన చోట వరి. ఏ ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చున్నా మామిడి ధర తర్వాత వినిపించే మాట ఒకటే- అడంగల్. ''వన్-బీలో పేరెక్కిందా?'', ''ఎల్‌పీ నంబరు పడిందా?'', ''ఇరవై రెండు-ఏలో ఉందట కదా?''... ఇవన్నీ ఒకప్పుడు కరణం గారికి తప్ప ఇంకెవరికీ తెలియని మాటలు. ఇప్పుడు ఇంటింటి మాటలు. సోమవారం వచ్చిందంటే మండల కార్యాలయాల్లో ఫిర్యాదుల వేదిక దగ్గర కనిపించే కాగితాల్లో ఎక్కువ భూమివే.

అసలు చిక్కు ఎక్కడుంది? చట్టాలు లేకనా? కానే కాదు. లెక్కపెడితే భూమి మీద ఉన్నన్ని చట్టాలు మన దగ్గర ఇంకే విషయం మీదా ఉండవేమో! చిక్కంతా మూడు ముక్కల్లో ఉంది. కాగితం మీద ఒక లెక్క. నేల మీద ఒక లెక్క. దున్నుకునే మనిషి ఇంకొకరు. ఈ మూడూ ఒక్కచోట కలవకపోవడమే మన భూమి కథ.

జమీందారు లెక్క... సర్కారు లెక్క

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో చాలా గ్రామాలు ఒకప్పుడు జమీందారీలవి. నూజివీడు జమీందారీ పేరు వినని వాళ్లు ఈ చుట్టుపక్కల ఉండరు. 1802లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన శాశ్వత శిస్తు విధానంలో జమీందారు సర్కారుకు కట్టాల్సింది ఖాయం. రైతు దగ్గర ఎంత వసూలు చేసుకుంటాడు, ఎవరి పొలం ఎంత... ఆ లెక్కలు జమీందారు కచేరీలోనే. సర్కారుకు వాటితో పనిలేదు.

పక్కనే డెల్టాలోని రైత్వారీ గ్రామాల సంగతి వేరు. అక్కడ తెల్లదొరల కాలంలోనే గొలుసులు పట్టుకుని సర్వే చేశారు. ఒక గొలుసుకు వంద లింకులు, అరవై ఆరు అడుగులు. పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. అలా కొలిచి ప్రతి పొలానికీ పటం గీశారు. అదే ఎఫ్ఎంబీ. దాన్ని బట్టి రాసిందే రీసెటిల్మెంట్ రిజిస్టర్. ఈనాటికీ ఆర్ఎస్ఆర్ అంటే రెవెన్యూ వాళ్లకు వేదం.

జమీందారీ గ్రామాలకు మాత్రం ఆ భాగ్యం చాలాచోట్ల 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే దక్కింది. అప్పుడు సెటిల్మెంట్ అధికారులు ఊరూరా తిరిగి, ఎవరు దున్నుతున్నారో చూసి రాసిన పుస్తకం పేరు సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్. ఈ ప్రాంతంలో ఏ భూవివాదం తవ్వినా చివరికి ఆ పుస్తకం దగ్గరికే చేరేది ఇందుకే. ఆ రోజు పొలంలో ఎవరు ఉన్నారు, ఎవరు ఊళ్లో లేరు, ఎవరికి భయపడి ఎవరు నోరు మెదపలేదు... అన్నీ ఆ ఒక్క పుస్తకంలో గడ్డకట్టుకుపోయాయి.

తర్వాత ఆ పుస్తకాలను కాపాడింది కరణాలు. మంచికో చెడుకో గట్టు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లు. ఎవరి భాగం ఎంత, ఎవరి కూతురికి పసుపు కుంకాల కింద ఏ చేను ఇచ్చారు... అన్నీ వాళ్ల నాలుక చివర. అదే వాళ్ల బలం. అదే జనం భయం. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసింది. తరాల పెత్తనం పోయింది. చాలామంది సంతోషించారు. అయితే దాంతోపాటే ఊరి భూమి జ్ఞాపకం కూడా చెదిరిపోయింది. కొన్ని పుస్తకాలు మండలానికి చేరాయి, కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని ఎక్కడికి పోయాయో తెలియదు. తర్వాత గ్రామ పరిపాలనాధికారి వచ్చాడు, పంచాయతీ కార్యదర్శి వచ్చాడు, వీఆర్వో వచ్చాడు. మనుషులు మారారు. లెక్క మాత్రం కుదరలేదు.

పుస్తకం ఉంటే పొలం మనదేనా?

పట్టాదారు పాస్‌బుక్కులు ఇచ్చేది 1971 నాటి చట్టం కింద. బీరువాలో బంగారం పక్కన పెట్టుకునే పుస్తకం అది. బ్యాంకులో అప్పుకు అదే ఆధారం. పిల్ల పెళ్లికి అదే ధైర్యం. కానీ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పాస్‌బుక్కు హక్కును పుట్టించదు. ఉన్న హక్కును నమోదు చేస్తుంది... అంతే. ఎవరైనా రుజువులతో సివిల్ కోర్టుకు వెళ్లి అది తప్పని తేలిస్తే, పుస్తకం కాగితమే.

రిజిస్ట్రేషన్ కూడా అంతే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్‌రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును. ''ఫలానావారు ఫలానావారికి అమ్మినట్టు కాగితం రాసుకున్నారు'' అన్నదానికి అది సాక్ష్యం. అమ్మినవాడికి అసలు అమ్మే హక్కుందో లేదో తేల్చిచెప్పే పూచీ దానిది కాదు. అందుకే కొనేవాళ్లు ముప్పై ఏళ్ల లింకు దస్తావేజులు, ఈసీలు పట్టుకుని వకీళ్ల చుట్టూ తిరుగుతారు.

దీనికి మందు లేదా? ఉందన్నాడు ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఆయన తెచ్చిన పద్ధతిలో రిజిస్టరులో ఎవరి పేరుంటే భూమి వాళ్లదే. దానికి ప్రభుత్వమే హామీ. తప్పు జరిగితే నష్టపరిహారం కూడా ప్రభుత్వమే ఇస్తుంది. వినడానికి ఎంతో బాగుంది. మన దగ్గరా ఆ ప్రయత్నం జరిగింది. ఆంధ్రప్రదేశ్ భూ యాజమాన్య హక్కు చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. వెంటనే న్యాయవాదులు రోడ్డెక్కారు. వివాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి అధికారుల చేతుల్లో పెడుతున్నారన్నది వాళ్ల అభ్యంతరం. 2024 ఎన్నికల్లో ఊరూరా అదే చర్చ. ప్రభుత్వం మారింది. అదే ఏడాది చట్టమూ రద్దయింది.

ఇందులో పార్టీల గొడవ పక్కన పెడితే మిగిలే పాఠం ఒకటుంది. హామీ ఇచ్చేముందు లెక్క సరిగా ఉండాలి. తప్పుల తడక లాంటి రికార్డుకు ప్రభుత్వ ముద్ర వేస్తే తప్పు ఒప్పవదు. గట్టిపడుతుంది!

ఆకాశం నుంచి కొలిస్తే...

ఇక కొలత సంగతి. 2020 డిసెంబరు 21న ఇదే కృష్ణా జిల్లాలో, జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో సమగ్ర రీసర్వే మొదలైంది. రాష్ట్రంలో 17 వేలకు పైగా ఉన్న రెవెన్యూ గ్రామాలన్నిటినీ కొత్తగా కొలవాలన్నది ఆలోచన. గొలుసు స్థానంలో డ్రోన్లు వచ్చాయి. లింకుల బదులు ఉపగ్రహ సంకేతాలు అందుకునే స్టేషన్లు. కొలతలో తేడా వస్తే సెంటీమీటర్లలోనే! 2019లో సచివాలయాలతోపాటు ప్రతి ఊరికీ గ్రామ సర్వేయర్లు రావడం దానికి తోడైంది. పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీ నంబర్లు వచ్చాయి. 2022లో విస్సన్నపేట కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి, తిరువూరు రెవెన్యూ డివిజన్లోకి వచ్చేనాటికి ఈ పని ఊరూరా నడుస్తోంది.

ఇంత సాంకేతికత ఉన్నా రైతులు ఎందుకు అసంతృప్తి పడ్డారు? డ్రోను గట్టును చూడగలదు. ఆ గట్టు సరైన చోట ఉందో లేదో అది చెప్పలేదు. ఐదడుగులు జరిగిన గట్టును అది జరిగినచోటే అందంగా, సెంటీమీటరు తేడా లేకుండా గీస్తుంది! కాగితం మీద రెండెకరాల నలభై సెంట్లు ఉన్న రైతుకు కొత్త కొలతలో రెండెకరాల ముప్పై రెండు వచ్చిందనుకోండి. మిగిలిన ఎనిమిది సెంట్లు ఏమయ్యాయి? తాతల నాటి గొలుసు కొలతలో తేడానా? పక్కవాడి చేలోకి పోయాయా? డొంక వెడల్పయిందా? ఈ ప్రశ్నకు జవాబు డ్రోను దగ్గర ఉండదు. ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర ఉంటుంది.

ఇంకో చిక్కు ఉమ్మడి ఎల్‌పీలు. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని ఎవరి ముక్క వాళ్లు దున్నుకుంటుంటారు. రికార్డులో సబ్‌డివిజన్ జరగదు. కొత్త సర్వేలో అందరికీ కలిపి ఒకే నంబరు పడుతుంది. అంతే... ఒకరు అమ్మాలన్నా, అప్పు తెచ్చుకోవాలన్నా మిగతావాళ్లందరి మీదా ఆధారపడాల్సిందే. హైదరాబాదులో ఒకరు, అమెరికాలో ఒకరు, ఊళ్లో ఒకరు ఉన్న కుటుంబాల్లో ఇది ఎంత తలనొప్పో చెప్పనక్కర్లేదు.

2024 వరకు 6,600కు పైగా గ్రామాల్లో సర్వే పూర్తయినట్టు లెక్క. విస్తీర్ణాల్లో తేడాలు, ఉమ్మడి నంబర్ల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ప్రభుత్వం మారాక కొంతకాలం ఆపి, ఊళ్లలో రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకున్నారు. 2025 జనవరి నుంచి మళ్లీ మొదలుపెట్టారు- మండలానికో గ్రామం చొప్పున, రెండు వందల నుంచి రెండు వందల యాభై ఎకరాల బ్లాకులుగా. నెమ్మదిగా కొలవడం మంచిదే. ఎందుకంటే సర్వే అంటే కొలవడం ఒక్కటే కాదు... వినడం కూడా!

ఆ సంగతి పాత చట్టానికి బాగా తెలుసు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఒకసారి తిరగేస్తే ఆశ్చర్యమేస్తుంది. సర్వే మొదలవుతోందని ముందే ప్రకటించాలి. కొలిచాక ఫలితాన్ని రైతుకు నోటీసుగా ఇవ్వాలి. అభ్యంతరం ఉంటే వినాలి. తీర్పు నచ్చకపోతే అప్పీలు ఉంది. అన్నీ అయ్యాక తుది ప్రకటన. ఆ తర్వాత కూడా మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు వెళ్లే దారి ఉంది. నోటీసు వచ్చినరోజు ''ఏదో సర్కారు కాగితం'' అని చూరులో దోపిన రైతు, మూడేళ్లు దాటాక కళ్లు తెరిస్తే ఏం లాభం?

పెళ్లి ముహూర్తానికి తెలిసే సంగతి

ఆడపిల్ల పెళ్లి కుదిరింది. ఎకరం అమ్ముదామని బేరం కుదుర్చుకున్నారు. తీరా రిజిస్ట్రేషన్ కార్యాలయానికి వెళితే ''ఈ నంబరు ఇరవై రెండు-ఏలో ఉంది, కుదరదు'' అన్న జవాబు. పల్లెల్లో చాలామందికి తమ భూమి నిషేధిత జాబితాలో ఉందన్న సంగతి తెలిసేది ఇలాగే.

ఏమిటీ జాబితా? రిజిస్ట్రేషన్ చట్టంలో 2007లో రాష్ట్రం చేర్చిన 22-ఏ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు భూముల లాంటివి రిజిస్టర్ చేయకూడదు. ఉద్దేశం మంచిదే. పేదల భూమి, దేవుడి మాన్యం పరుల పాలు కాకూడదు. కానీ ఒక సర్వే నంబరులో అరెకరం పోరంబోకు ఉందని మొత్తం నంబరును జాబితాలో పెట్టేస్తే? పట్టా భూమి ఉన్న రైతు తన తప్పేమీ లేకుండా ఇరుక్కుంటాడు.

చుక్కల భూములదీ ఇలాంటి కథే. రీసెటిల్మెంట్ నాడు పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో పేరు బదులు చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కలే తర్వాతి తరాలకు గుదిబండలయ్యాయి. వాటిని సరిచేయడానికి 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే తేవాల్సి వచ్చింది. అప్పటి గుమాస్తా కలం పెట్టిన చుక్క తుడవడానికి శాసనసభ కూర్చోవాల్సి వచ్చిందన్నమాట!

అసైన్డ్ భూముల సంగతి ఇంకా సున్నితం. పేదలకు ఇచ్చిన భూమిని అమ్మకూడదన్న షరతు ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నుంచి మొదలైంది. అంతకుముందు ఇచ్చిన పట్టాలకు ఆ షరతు లేదు. ఆ ఒక్క తేదీ తెలియక ఎన్నో కుటుంబాలు తమ భూమిని తామే అనుమానంగా చూసుకుంటూ ఉండిపోయాయి. 1977లో వచ్చిన చట్టం అసైన్డ్ భూముల అమ్మకాలను పూర్తిగా నిషేధించింది. 2023లో చట్టం సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూములకు పూర్తి హక్కులు ఇవ్వాలనుకున్నారు. అక్రమాలు జరిగాయన్న ఆరోపణలతో 2024లో కొత్త ప్రభుత్వం అలాంటి భూముల రిజిస్ట్రేషన్లను నిలిపి విచారణకు దిగింది. ఇందులో రెండు వైపులా నిజముంది. అమ్ముకునే హక్కు లేని భూమికి బ్యాంకు దగ్గర విలువ తక్కువ. అమ్ముకునే హక్కు వచ్చిన మర్నాడే పేదవాడి గుమ్మంలో దళారీ నిలబడతాడు. రెండిటి మధ్యా దారి వెతకడమే పరిపాలన.

తిరువూరు నుంచి వెళ్లిన నివేదిక

విస్సన్నపేట వాళ్లు గర్వంగా గుర్తు చేసుకోదగ్గ సంగతి ఒకటుంది. రాష్ట్రంలో భూమి చిక్కుల మీద వచ్చిన పెద్ద నివేదికల్లో ఒకటి తిరువూరు ఎమ్మెల్యే పేరు మీదే ఉంది. 2004లో తిరువూరు నుంచి గెలిచి, వైఎస్ రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో పురపాలక మంత్రిగా పనిచేసిన కోనేరు రంగారావు అధ్యక్షతన ఆ ఏడాదే భూ కమిటీ వేశారు. 2006లో ఇచ్చిన నివేదికలో సిఫార్సులు 104. అసైన్డ్ భూములు, కౌలు, గిరిజనుల భూములు, ఆలయ భూములు, రికార్డులు... దేన్నీ వదల్లేదు. దళిత కుటుంబం నుంచి వచ్చి ఉప ముఖ్యమంత్రి దాకా ఎదిగిన నాయకుడు ఆయన. పట్టా చేతిలో ఉండి పొలం చేతిలో లేకపోవడమంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. 2010లో కన్నుమూశారు.

ఆ రోజుల్లోనే ఇందిరా క్రాంతి పథం కింద ఒక చక్కటి ప్రయోగం జరిగింది. పల్లె యువతకు భూచట్టాల్లో శిక్షణ ఇచ్చి పారాలీగల్స్‌గా, మరికొందరికి కొలతలు నేర్పి కమ్యూనిటీ సర్వేయర్లుగా తయారుచేశారు. పేదవాడి తరఫున కార్యాలయానికి వెళ్లి, పాత అడంగల్ వెతికి, అర్జీ రాసి, ఫైలు కదిలే దాకా వెంటపడటం వాళ్ల పని. భూమి లేనివాడికి కొత్తగా భూమి పంచడం ఎంత ముఖ్యమో, పంచిన భూమి వాడి చేతిలో నిలబెట్టడం అంతకంటే ముఖ్యమని ఆ ప్రయోగం చూపించింది. పథకాల పేర్లు మారిపోయాయి. అవసరం మాత్రం అలాగే ఉంది.

పేరు లేని ఇద్దరు

భూమి పుస్తకాల్లో పేరు కనిపించని వాళ్లు ఇద్దరున్నారు. ఒకరు కౌలు రైతు. ఇంకొకరు ఇంటి ఇల్లాలు.

కృష్ణా జిల్లాలో పొలం దున్నేవాళ్లలో కౌలుదార్లు ఎంతమందో ఊళ్లో వాళ్లకు వేరే చెప్పాలా! మక్తా ముందే కట్టాలి. పంట పోతే నష్టం తనది. పరిహారం వస్తే మాత్రం పుస్తకంలో పేరున్న వాళ్లకు! ఈ అన్యాయం సరిదిద్దడానికి 2011లో రుణ అర్హత కార్డులు వచ్చాయి. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పంద పత్రం, దానిమీద భూయజమాని సంతకం. ఇక్కడే చిక్కు. ''సంతకం పెడితే భూమి పోతుందేమో'' అన్న భయం యజమానిది. అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వడేమోనన్న భయం కౌలుదారుది. నిజానికి ఆ పత్రంతో యజమాని హక్కుకు వచ్చే ముప్పేమీ లేదని చట్టమే చెబుతోంది. ఆ ఒక్క మాట ఊళ్లో నమ్మకంగా చెప్పే మనిషి ఉంటే సగం సంతకాలు పడతాయి.

ఇక ఆడపిల్లలు. దేశమంతా 2005లో మేలుకుంది కానీ, తెలుగునాట ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు మగపిల్లాడితో సమాన భాగం 1985 సెప్టెంబరు 5 నుంచే చట్టం. ఎన్టీ రామారావు హయాంలో వచ్చిన ఆ సవరణకు నలభై ఏళ్లు నిండాయి. అయినా అక్కచెల్లెళ్ల చేత ''నాకు వద్దు'' అని సంతకం పెట్టించుకోవడం ఇంకా చాలా ఇళ్లలో ఆనవాయితీయే. మరి పెళ్లి ఖర్చు చూపించి భాగం మాఫీ చేయించుకునేవాళ్లు, అన్నదమ్ముల్లో ఎవరి పెళ్లి ఖర్చయినా అలా లెక్కగట్టారా?

రువాండా అనే చిన్న దేశం ఈ విషయంలో మనకు పాఠం చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆరో వంతు ఉంటుంది ఆ దేశం. మారణహోమం చూసిన నేల. 2009 నుంచి 2013 లోపు కోటికి పైగా కమతాలను నమోదు చేసింది. ఎలాగంటే... విమానం నుంచి తీసిన ఫొటో కాగితాలు పట్టుకుని, శిక్షణ పొందిన ఊరి కుర్రాళ్లు, ఇరుగు పొరుగు రైతులు అందరూ కలిసి గట్టు వెంట నడిచారు. ''ఇదిగో, ఇక్కడి దాకా నాది'' అని ఒకరు చెబితే ''అవును'' అని పక్కవాళ్లు అన్నాకే గీత పడింది. పెళ్లి నమోదైన దంపతులిద్దరి పేరూ పత్రంలో రాశారు. ఇందులో ఒక హెచ్చరికా ఉంది. తర్వాతి అమ్మకాలు, పంపకాలు నమోదు చేయించుకోవడానికి రుసుములు, దూరాలు అడ్డొచ్చి చాలామంది మళ్లీ చేతిరాత కాగితాలకే తిరిగారు. రికార్డు ఒకసారి రాసి అటకెక్కించేది కాదు. ఇంటికి వెల్ల వేసినట్టు ఎప్పటికప్పుడు చూసుకోవాల్సిందే.

తోట ఎక్కడ... ప్లాటు ఎక్కడ?

ఎవరిదో తేలితే సరిపోదు. దేనికి వాడాలన్నదీ తేలాలి. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజధాని నూజివీడు చుట్టుపక్కలే అన్న ప్రచారం జరిగింది. ఆ కొద్ది నెలల్లో మామిడి చెట్టు కాపు కన్నా చెట్టు కింద నేల బేరం ఎక్కువైంది. రాజధాని అమరావతికి వెళ్లింది. ధరల వేడి చల్లారింది. అడ్వాన్సులు ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు మిగిలారు.

నగరాలకు మాస్టర్ ప్లాన్ ఉంటుంది. పల్లెకు? లేఅవుట్లకు 2002 నుంచి నియమాలున్నాయి. సాగు భూమిని ఇతర అవసరాలకు మార్చడానికి 2006లో ఒక చట్టం తెచ్చారు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వాల్టా వచ్చింది. కానీ ఊరు ఎటు పెరగాలి, వాగు ఎటు పారాలి, ఏ నేల తోటగానే ఉండాలి అని ఊరంతా కూర్చుని గీసుకున్న పటం ఎన్ని పల్లెల్లో ఉంది? అనుమతి లేని లేఅవుట్లో ప్లాటు కొని, తర్వాత క్రమబద్ధీకరణ కోసం రుసుము కట్టి, వానాకాలం వస్తే మోకాలి లోతు నీళ్లలో నిలబడేది మధ్యతరగతి వాళ్లే. ఆ నీళ్లు తప్పు చేయలేదు. అవి తమ పాత దారినే వచ్చాయి!

చెరువు, డొంక, పశువుల మేత భూమి... వీటికి పట్టాదారు లేడు. అందుకే అడిగేవాళ్లూ లేరు. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని, వాటిని క్రమబద్ధం చేయకూడదని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. సర్వే జరిగేటప్పుడు తన గట్టు చూసుకోవడానికి ప్రతి రైతూ వస్తాడు. చెరువు గట్టు చూడటానికి ఎవరు వస్తారు? గ్రామసభ ఉన్నది అందుకే.

ఇంట్లో అందరూ కూర్చుని...

ఈ ఆదివారం వీలు చూసుకుని బీరువాలో కాగితాలు ఒకసారి బయటికి తీస్తే మంచిది.

* దస్తావేజు, పాస్‌బుక్కు, వన్-బీ, అడంగల్... నాలుగింటిలోనూ పేరు, నంబరు, విస్తీర్ణం ఒకేలా ఉన్నాయా? 2015 నుంచి మీభూమి వెబ్‌సైట్లో వన్-బీ, అడంగల్ చూసుకునే వీలుంది.

* తాతగారి పేరు మీదే ఇంకా ఉందా? వారసత్వంగా గానీ, కొనుగోలుతో గానీ హక్కు వస్తే తొంభై రోజుల్లో తహసీల్దారుకు తెలియజేయాలని 1971 చట్టం చెబుతోంది. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవో దగ్గర అప్పీలు చేసుకోవచ్చు.

* నోటిమాట పంపకాలను కాగితం మీద పెట్టుకుని, సబ్‌డివిజన్ చేయించుకోవాలి. అక్కచెల్లెళ్ల భాగం మర్చిపోకూడదు.

* అమ్మే అవసరం రాకముందే భూమి నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోవాలి. ముహూర్తం పెట్టుకున్నాక కాదు.

* రీసర్వే నోటీసు వస్తే కొలిచే రోజున చేలో ఉండాలి. పక్క చేను వాళ్లనూ పిలవాలి. దూరాన ఉన్న పిల్లలకు ఫోన్లోనైనా చెప్పాలి.

* తిరువూరు దాటి తెలంగాణలో పొలం కొనేవాళ్లకు ఇంకో మాట. ఇక్కడ సెంట్లు, అక్కడ గుంటలు. ఒక గుంటంటే రెండున్నర సెంట్లు. అక్కడి రికార్డుల పద్ధతీ వేరే. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది.

కొలిచే యంత్రాలు ఎన్నొచ్చినా, చట్టాలు ఎన్ని మారినా చివరికి గట్టు దగ్గర ఇద్దరు మనుషులు నిలబడాల్సిందే. వాళ్లిద్దరి మధ్య గ్రామ సర్వేయరు రాయి పాతుతాడు. ఆ రాయి మీద ఏ బొమ్మ ఉందన్నది ఐదేళ్లకోసారి మారే సంగతి. రాయికి అటూ ఇటూ ఉన్నవాళ్లు ''సరే'' అనుకుని కలిసి ఇంటికి వెళ్లారా లేదా అన్నదే తరాలకు మిగిలేది.

పండక్కి అన్నదమ్ములిద్దరూ మళ్లీ ఒకే విస్తరి దగ్గర కూర్చోవాలంటే, ముందుగా ఒకసారి గట్టు మీద కూర్చోవాలి!